రొయ్యపొట్టు కాగితం

నేను ఒక కాగితం చుట్టను. చుట్ట అనగానే నోట్లో పెట్టుకుని వెలిగించుకునేది గుర్తొస్తే తప్పు మీది కాదు, మా గోదావరి జిల్లాల్లో ముందు దాన్నే తలుచుకుంటారు. నేను ఆ జాతిదాన్ని కాదు. మిఠాయి కొట్లో బల్ల మీద ఇనప ఊచకు నన్ను గుచ్చుతారు. లాగినప్పుడల్లా గిర్రున తిరుగుతాను. జానెడు ముక్క చింపి పాలకోవా బిళ్ళకు చుడతారు. నా ముక్క ఎక్కడికి వెళితే నేనూ అక్కడికి వెళ్ళినట్టే, అది మా కాగితాల పద్ధతి. అందుకే ఊచ దిగకుండానే చాలా ఊళ్ళు చూశాను.

పైకి చూస్తే మామూలు బటర్ పేపరులాగే ఉంటాను. తేడా అంతా ఒంటికి రాసిన పూతలో ఉంది. ఆ పూతకు తండ్రి వైపు లవంగాలు, తల్లి వైపు రొయ్యలు. కొత్తవాళ్ళు కనిపిస్తే నేను తండ్రి పేరే చెప్పుకునేదాన్ని. లవంగమంటే తాంబూలంలో ఉంటుంది, మందులో ఉంటుంది, ఎవరింటికైనా దర్జాగా వెళుతుంది. తల్లి సంగతి వచ్చేసరికి మాట మార్చేసేదాన్ని. నాలాంటి దానికే ఇంత నామోషీ ఉంటే, నన్ను చేసినవాడికి ఎంత ఉండాలో ఆలోచించండి.

నా తల్లి వైపు కథ రొయ్యల షెడ్డులో మొదలైంది. చెరువుల్లో పట్టిన రొయ్యలు ఐసు పెట్టెల్లో అక్కడికి వస్తాయి. పొడుగాటి బల్లలకు అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి, తలకాయ తుంచి, పొట్టు ఒలిచి, వీపు మీది నరం లాగేస్తారు. మాంసం ఓడెక్కి దేశాలు పోతుంది. పొట్టు షెడ్డు వెనక గుట్టగా పడి కంపు కొడుతుంది. ఆ బల్ల దగ్గర మంగతాయారు అనే ఆవిడ ఉంది. ఐసునీళ్ళలో నాని నాని ఆవిడ వేళ్ళ చివర్లు ఎప్పుడూ తెల్లగా ముడుచుకునే ఉంటాయి. ఆ వేళ్ళతోనే కొడుకుని కాలేజీ దాకా తోసింది.

కొడుకు పేరు తాతాజీ. తిండి పదార్థాలు చెడిపోకుండా ఎలా కాపాడాలన్నదాని మీద పరిశోధన చేస్తున్నాడు. ఒక రోజు ఇంటికొచ్చి, "అమ్మా, మీరు పారేసే పొట్టులోనే మందుంది" అన్నాడు. ఆవిడ నమ్మలేదు, నవ్వింది. అయినా కొడుకు అడిగాడు కదా అని షెడ్డు నుంచి పొట్టు తెచ్చి, కడిగి, పెరట్లో పాత చీర పరిచి ఎండబెట్టి, కాకుల్ని తోలి, బస్తాకెత్తి ఇచ్చింది. అలా చాలా బస్తాలిచ్చింది. తాతాజీ వాటిని బండి మీద వేసుకుని కాలేజీకి వెనక గేటు నుంచి వెళ్ళేవాడు. దారిలో ఆగి బస్తా మీద అత్తరు చల్లేవాడు. రొయ్య వాసన, అత్తరు వాసన కలిస్తే ఏం పుడుతుందో ఆ గేటు కాపలాదారుణ్ణి అడగండి, చెబుతాడు.

ల్యాబులో నా తల్లిని ఆమ్లంలో ముంచారు, క్షారంలో ఉడికించారు. సున్నం పోయింది, రంగు పోయింది, ఆఖరికి వాసన కూడా పోయింది. అటుకుల్లాంటి తెల్లటి పదార్థం మిగిలింది. దాన్ని కైటోసాన్ అంటారు. బూజుకీ సూక్ష్మక్రిములకీ అదంటే గిట్టదు. దాన్ని పలచటి వెనిగరు నీళ్ళలో కరిగించి, లవంగ నూనె కలపాలి. నూనె నీళ్ళలో కలవదన్నది మీకు తెలిసిందే. మనిషి చెవికి అందని శబ్దంతో నూనెను చితక్కొట్టే యంత్రం ఒకటుంది. దాని పాలబడితే ఒక్కో చుక్కా ముక్కలై, ఆ ముక్కలు మళ్ళీ ముక్కలై, తలవెంట్రుక మందంలో వందల చుక్కలు వరసగా కూర్చునేంత సన్నమైపోతాయి. నానో అని మీరు గొప్పగా చెప్పుకునేది ఇదే. పెద్ద చుక్కయితే ఘాటంతా ఒక్కసారే వదిలేస్తుంది, కోవా తిన్నవాడికి పంటినొప్పి మందు తిన్నట్టుంటుంది. చిన్న చుక్కలు కుదురుగా పూతలో కూర్చుని, రోజూ కొంచెం కొంచెంగా బయటికొస్తూ బూజును ఎదగనివ్వకుండా చూస్తాయి.

అలా పుట్టాను. బ్రెడ్డు ముక్క మీద, జున్ను ముక్క మీద, కోవా బిళ్ళ మీద నన్ను చుట్టి పరీక్ష పెట్టారు. పక్కన మామూలు కాగితంలో ఉన్నవాటికి పచ్చగా బూజు గడ్డాలొచ్చాయి. నాలో ఉన్నవి పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. పరిశోధన చేయించే గైడుగారు తాతాజీ భుజం తట్టారు. ఒక సభలో తాతాజీ లేచి, నన్ను 'సముద్రజన్య బయోపాలిమర్ పూత' అని పరిచయం చేశాడు. అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. అర్థం కాని పేరు వింటే చదువుకున్నవాళ్ళు తల ఊపుతారు. నాకు మాత్రం ఆ పేరు చాలా నచ్చింది. అందులో రొయ్య ఎక్కడా కనబడదు.

ఇక భ్రమరాంబగారి సంగతి చెప్పాలి. పంచారామాలు చూసే యాత్రికుల బస్సులు వెళ్ళే దారిలో ఆవిడకొక పాలకోవా కొట్టుంది. కార్తీక మాసమంతా ఆ దారిన బస్సులే బస్సులు. సోమవారమైతే మరీను. వాళ్ళలో సగం మంది ఉపవాసాలవాళ్ళు. పాలూ పంచదారా తప్ప మరేమీ కలవదు కాబట్టి కోవా కొని, దేవుడికి నివేదన పెట్టించి, నక్షత్రాలు చూశాక తింటారు. అంతకుముందు కార్తీకంలో ముసురు పట్టి కోవాకు బూజొచ్చింది. ఒకాయన వెనక్కొచ్చి పొట్లం విప్పి, పదిమందిలో బల్ల మీద పెట్టి, "ఇది శివుడికి పెట్టమని ఇచ్చావా తల్లీ?" అని అడిగాడట. ఆ మాట ఆవిడకు ఏడాదంతా ముద్ద దిగనివ్వలేదు. పేరు పోయాక కోవా ఎంత తియ్యగా ఉంటే ఏం లాభం? అందుకే కాలేజీవాళ్ళు మిఠాయివాళ్ళకు శిక్షణ పెడుతున్నారని తెలిసి వెళ్ళింది. అక్కడ తాతాజీ నన్ను చూపించాడు.

ఆవిడ నన్ను వేళ్ళతో తడిమి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత అడగాల్సిన మాట అడిగింది.

"ఇందులో నీచేమన్నా కలిసిందా బాబూ? మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఉపవాసాలవాళ్ళు."

తాతాజీ ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో నిజం చెప్పొచ్చు. చెబితే ఆవిడ వద్దంటుంది. అక్కడితో ఆగదు, రొయ్యపొట్టు నీకెక్కడిదంటుంది, షెడ్డంటాడు, షెడ్డులో ఎవరున్నారంటుంది. ఇదంతా అతని మొహంలో నాకు కనబడింది.

"లేదండీ. మొక్కజొన్న పిండి, లవంగ నూనె. అంతేనండీ."

తడబాటు లేకుండా, నవ్వుతూ చెప్పాడు. నాకు ఏమనిపించిందో చెప్పనా? హాయిగా అనిపించింది. మర్నాడు భ్రమరాంబగారు నన్ను ఊచకు గుచ్చి, కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుంది. నుదురు ఎక్కడుందో నాకే తెలియని నేను ఆ బొట్టుతో పొంగిపోయాను. షెడ్డునీ, పాత చీరనీ, కాకులనీ సుబ్బరంగా మరిచిపోయాను.

కార్తీకం వచ్చింది. ముసురూ వచ్చింది. బూజు రాలేదు. పోయిన వారం కొన్నవాళ్ళు తమవాళ్ళను పంపించారు. "ఏం మహత్యమమ్మా, నాలుగో రోజుకీ అప్పుడే దించినట్టుంది" అన్నారు. భ్రమరాంబగారు అందరికీ నన్నే చూపించేది. "మహత్యం నాది కాదండీ, ఈ కాగితానిది. మా తాతాజీ బాబు లవంగాలతో చేశాడు" అని చెప్పేది. నా ముక్కలు గర్భగుళ్ళ దాకా వెళ్ళాయి. అభిషేకం నీళ్ళు నా మీద పడ్డాయి. నోరు లేనిదాన్ని, నేనేం చెయ్యగలనని సర్దిచెప్పుకోవచ్చు. కానీ నోరుంటే మాత్రం చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు.

చివరి సోమవారం నాడు పొద్దున్నే తాతాజీ కొట్టుకొచ్చాడు. భ్రమరాంబగారే రమ్మంది, కొన్నవాళ్ళు ఏమంటున్నారో స్వయంగా వినమని. వరస రోడ్డు దాకా ఉంది. అతను బల్ల పక్కన నిలబడి పొట్లాలు కడుతూ సాయం చేస్తున్నాడు. అప్పుడొక బస్సు ఆగింది. ఆడవాళ్ళు దిగారు. తలంటు పోసుకుని, నలగని చీరలు కట్టుకుని, బుట్టల్లో కొబ్బరికాయలూ పూలూ పెట్టుకుని ఉన్నారు. షెడ్డుకు సెలవిస్తే తలా కొంత వేసుకుని బస్సు మాట్లాడుకుని పంచారామాలకు బయలుదేరిన రొయ్యల షెడ్డు ఆడవాళ్ళు వాళ్ళు. అందరికన్నా ముందు దిగింది మంగతాయారే.

తాతాజీ మొహం చూడాలి. చటుక్కున గోడ వైపు తిరిగి, అక్కడ లేని దారం వెతకడం మొదలుపెట్టాడు.

"ఒరే తాతాజీ! ఇక్కడున్నావేట్రా నాయనా!" అని ఆవిడ వరస దాటుకుని వచ్చేసింది. వెనక్కి తిరిగి తనవాళ్ళతో, "మావోడే!" అంది. చెప్పక్కర్లేదు, వాళ్ళందరికీ తెలుసు. అయినా చెప్పింది.

భ్రమరాంబగారి మొహం విప్పారింది. "మీ అబ్బాయా అమ్మా? కడుపు చల్లగా! ఇదిగో, మీ అబ్బాయి చేసిన కాగితమే ఇది. నా కొట్టు పరువు నిలబెట్టాడు."

మంగతాయారు చెయ్యి పైటకు తుడుచుకుని నన్ను ముట్టుకుంది. ఆ ముడతల వేళ్ళు నాకు తెలుసు. "ఇదేనేటి! మన పొట్టేనా ఇది! ఎంత నున్నగా సేసావురా!" అంటూ నిమిరింది. "ఎన్ని బస్తాలు ఎండేసి ఇచ్చానో అమ్మా. ఊళ్ళో కాకులన్నీ మా పెరట్లోనే ఉండేయి."

"ఏం పొట్టమ్మా?" అని అడిగింది భ్రమరాంబగారు, ఇంకా నవ్వుతూనే.

"రొయ్యపొట్టమ్మా. మా షెడ్డులోది."

విభూతి రేఖలు పెట్టుకున్న పెద్దాయన ఒకరు చేతిలోని పొట్లాన్ని బల్ల మీద పెట్టేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భ్రమరాంబగారు తాతాజీ వైపు చూసింది.

తాతాజీ నవ్వాడు. "అమ్మకేం తెలీదండీ. చదువుకోలేదు కదా, ఏది చూసినా రొయ్యలే అనుకుంటది. ఆ పొట్టు వేరే ప్రయోగానికండీ. ఇది మొక్కజొన్న పిండే."

మంగతాయారు కొడుకు వైపు చూసింది. నేను చాలా చూపులు చూశాను, బేరమాడేవాళ్ళవీ, మొక్కుకునేవాళ్ళవీ. ఆ చూపు లాంటిది మళ్ళీ చూడలేదు. కోపం కాదది. వీడికి ఏం కావాలో తెలిసిపోయి, అది ఇచ్చేద్దామని నిర్ణయించుకున్న చూపు.

"అవునమ్మా" అంది నెమ్మదిగా. "నాది ఒట్టి మట్టిబుర్ర. ఈడు నాలుగైదు రకాలు సేత్తాడు, నేనే కలిపేసుకున్నాను. ఏవనుకోకండి."

వరసకు ఊపిరొచ్చింది. పెద్దాయన పొట్లం మళ్ళీ తీసుకున్నాడు. ఎవరో "పల్లెటూరి మనిషి పాపం" అన్నారు. ఆ మాట తాతాజీకి వినబడింది. వినబడనట్టు నిలబడ్డాడు. నాకప్పుడు అర్థమైంది, అతను ఇన్నాళ్ళూ సిగ్గుపడింది రొయ్యల గురించి కాదు, ఆ చేతుల గురించి. నేనూ అంతే కదా. ఇప్పుడే నన్ను నిమిరిన చేతులవి. చిరిగిపోతే బాగుండుననిపించింది, కానీ కాగితం తనంతట తాను చిరగలేదు.

షెడ్డు ఆడవాళ్ళలో ఏ పొట్టు ఏదో తెలియనివాళ్ళు లేరు. వాళ్ళలో కొందరు బస్తాలు కట్టడానికి సాయం కూడా చేశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. "వచ్చేటప్పుడు కొనుక్కుంటాంలే" అనుకుంటూ ఒక్కొక్కరే బస్సెక్కేశారు. వాళ్ళూ కార్తీకం పట్టినవాళ్ళే. రోజూ చేతులతో రొయ్యలు ఒలుస్తారు కానీ ఆ నెలంతా నోటికి తగలనివ్వరు. మంగతాయారుకు మాత్రం తప్పించుకునే దారి లేకపోయింది. తల్లిని వట్టి చేతులతో పంపకూడదని భ్రమరాంబగారు కోవా పొట్లం కట్టి, "దేవుడి దగ్గర పెట్టించుకుని, ఉపవాసం దీనితోనే విడవండి" అని చేతిలో పెట్టింది. వద్దంటే కొడుకు మాట అబద్ధమవుతుంది. ఆవిడ రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పొట్లాన్ని కొబ్బరికాయల బుట్టలో పెట్టలేదు. పూలకు తగలకుండా, ఒడికి తగలకుండా, దూరంగా చాచి పట్టుకుంది. ఆ పొట్లానికి చుట్టింది నన్నే. ఎక్కడ పెట్టాలో ఆవిడకు తెలియడం లేదు. కొట్టులోంచి తాతాజీ ఆ చాచిన చెయ్యి చూశాడు. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు.

"భ్రమరాంబగారూ" అన్నాడు తాతాజీ. చేతిలోని పొట్లం బల్ల మీద పెట్టేశాడు. "మా అమ్మ చెప్పిందే నిజమండీ. ఇది రొయ్యపొట్టే. నేనే అబద్ధం చెప్పాను. బస్సు ఆపించండి."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బస్సు ఆపమని డ్రైవరుకు చెయ్యి ఊపి, నన్ను ఊచ నుంచి తీసి, బల్ల కింద, చెప్పులుండే చోట పెట్టింది. నాకు తగిన చోటే.

"నీచు కలిసిందా అని నోరు తెరిచి అడిగాను కదా బాబూ" అంది.

"చెబితే వద్దంటారనుకున్నానండీ."

"వద్దనే అంటాను. రొయ్యల పచ్చడివాళ్ళకి ఇచ్చుకో, చేపలవాళ్ళకి ఇచ్చుకో అంటాను. నీకేం తక్కువైపోతుంది? పోయిన సోమవారాలు పట్టుకెళ్ళినవాళ్ళు ఏ ఊరివాళ్ళో నాకేం తెలుసు? ఇప్పుడు వాళ్ళకి నేనెలా చెప్పను? రొయ్యలు పడనివాళ్ళు ఎవరన్నా ఉంటే?"

ఈ చివరి ప్రశ్న నిజానికి తాతాజీ వేసుకోవాల్సింది. తిండి భద్రత మీద పరిశోధన చేసినవాడు క్రిములను లెక్కపెట్టాడు, తినే మనుషులను మరిచాడు.

వరసలో ఉన్నవాళ్ళకు భ్రమరాంబగారే చెప్పింది. గొంతు తగ్గించకుండా, తన తప్పు కూడా ఉందంటూ చెప్పింది. కొందరు పొట్లాలు విసిరేశారు. ఒకావిడ ఏడ్చింది. కిందటి సోమవారం కూడా కొన్నానని ఒకాయన తిట్టాడు. భ్రమరాంబగారు తల వంచుకుని అన్నీ విని, కోవాను అరిటాకులో పెట్టుకుని, ఆపిన బస్సు దగ్గరికి తానే వెళ్ళింది. కిటికీలోంచి పాత పొట్లం తీసుకుని కొత్తది ఇచ్చింది. "మీ మాటే నిజమని మీ అబ్బాయి అందరిలో ఒప్పుకున్నాడమ్మా" అంది.

"నేనూ అబద్ధమాడాను కదమ్మా" అంది మంగతాయారు. "నా తప్పు కూడా కాయండి." కొడుకు బస్సు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. బస్సు కదిలితే చెయ్యి ఊపింది.

ఆ తరవాత భ్రమరాంబగారు కోవా తక్కువ దించి, ఆ రోజుకు ఆ రోజే అమ్మడం మొదలుపెట్టింది. ముసురు రోజుల్లో పొయ్యి వెలిగించదు. నా సంగతి ఇప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాస్తున్నారు, రొయ్యపొట్టుతో చేసినదని. చేపలవాళ్ళూ, పచ్చళ్ళవాళ్ళూ సంతోషంగానే కొంటున్నారు. ఉపవాసాలవాళ్ళ కోసం తాతాజీ పుట్టగొడుగుల నుంచి అదే పదార్థం తీసే ప్రయత్నంలో ఉన్నాడు. ఇంకా కుదరలేదు. మొదటి చుట్టలో మిగిలిన ముక్కను కదా, నన్ను కాలేజీ ప్రదర్శనలో అద్దాల పెట్టెలో పెడతారట.

ఆ ప్రదర్శనకు తల్లిని పిలవడానికి తాతాజీ ఇంటికి వెళ్ళాడు. నేను అతని సంచిలోనే ఉన్నాను. మంగతాయారు పెరట్లో పొట్టు ఎండేస్తోంది. అప్పటికీ మానలేదు. అతను పక్కన కూర్చుని, ఈసారి అందరికీ నిన్ను చూపిస్తానమ్మా, నువ్వు రావాలి అన్నాడు. ఆవిడ మురిసిపోయింది. ఏ చీర కట్టుకోవాలో అడిగింది. బస్సు ఎన్నింటికో అడిగింది. తరవాత చేటలో పొట్టు అటూ ఇటూ కదిపింది.

"అక్కడ పెద్దోళ్ళుంటారు కదరా" అంది. "ఇది దేంతో సేసారని ఎవరన్నా నన్నడిగితే ఏం సెప్పమంటావ్? తెలుసని సెప్పనా, తెలీదని సెప్పనా?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగింది.